షుగర్ ఉన్నవాళ్ళ ‘గుండె ప్యాకేజీ’: ఎనభై టెస్టుల్లో అక్కరకొచ్చేవి ఎన్ని?

షుగర్ ఉన్నవాళ్ళకని ల్యాబులు అమ్మే గుండె పరీక్షల ప్యాకేజీ ఒకటి చేయించారనుకుందాం. రిపోర్టు మూడో పేజీలో ఎల్‌డీఎల్ (చెడ్డ) కొలెస్ట్రాల్ వరస చూడండి. విలువ 106. పక్కన గడిలో ‘100 లోపు: ఉత్తమం, 100–129: దాదాపు ఉత్తమం’ అని ఉంటుంది. అంకె మామూలు అచ్చులోనే ఉంది. లావు అక్షరం లేదు, ఎర్ర రంగు లేదు, పక్కన బాణం గుర్తు లేదు. పదేళ్ళుగా షుగర్, దాంతోపాటు బీపీ కూడా ఉన్న యాభై ఐదేళ్ళ మనిషి ఆ వరస చూసి ‘కొలెస్ట్రాల్ బాగానే ఉంది’ అనుకుని ఫైలు మూసేస్తాడు. నిజానికి ఆయనకు ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలి. ఇదివరకే గుండెపోటు వచ్చి ఉంటేనో, స్టెంట్ పడి ఉంటేనో 55 లోపు. ల్యాబు అచ్చు వేసిన హద్దు ఊరందరికీ కలిపి వేసినది. షుగర్ ఉన్న గుండెకు అది వర్తించదు.

ఈ ప్యాకేజీలన్నిటిలోనూ ఉన్న పెద్ద లోపం ఇదే. రక్తం సరిగ్గా కొలిచినా ఆ కొలతకు అర్థం తప్పుగా పోతుంది.

ల్యాబులూ ఆసుపత్రులూ ఏ పేరు పెట్టి అమ్మినా సరుకు మూడు రకాలే. మొదటిది ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే చిన్న షుగర్ ప్యాకేజీ: పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పేది), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), ఒక్కోచోట సీయూఈ (మామూలు మూత్రపరీక్ష). రెండోది 70, 80, 90 టెస్టులని చెప్పుకునే పెద్ద ప్యాకేజీ. మూడోది ఆసుపత్రిలో ఒక పూట గడిపేది. దాంట్లో ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), చివర్లో డాక్టరు గది ఉంటాయి. ఏదో ఒక కంపెనీని వేలెత్తి చూపడానికి ఇక్కడ అవసరం లేదు, మూడు రకాల్లోనూ మంచిచెడ్డలు ఎక్కడికెళ్ళినా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తీర్పు ముందే చెప్తాం: చిన్న ప్యాకేజీ తీసుకోండి, దానికి మూత్రం పరీక్ష ఒకటి విడిగా కలపండి, ఇంట్లో చేతికి కట్టుకునే బీపీ మిషన్ ఒకటి పెట్టుకోండి. పెద్ద ప్యాకేజీకి పెట్టే డబ్బు మందులకు, బీపీ మిషన్‌కు పోతే గుండెకు ఎక్కువ మేలు.

షుగర్ ఉన్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు లేనివాళ్ళతో పోలిస్తే సుమారు రెండింతలు. షుగరొక్కటీ తగ్గించుకుంటే ఆ ముప్పు పోదు. డెన్మార్క్‌లో స్టెనో–2 అనే అధ్యయనం 160 మందితో జరిగింది. వాళ్ళందరికీ టైప్–2 షుగర్, మూత్రంలో కొద్దిగా అల్బుమిన్ అనే ప్రొటీన్. సగం మందికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, నడక, సిగరెట్ అన్నీ ఒకేసారి గట్టిగా పట్టుకున్నారు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఆ సగంలో గుండె, రక్తనాళాల జబ్బులు మిగతావాళ్ళలో వచ్చినవాటికి సగమే. 21 ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే దాదాపు ఎనిమిదేళ్ళ ఆయుష్షు తేడా. ఏ ప్యాకేజీనైనా ఈ కొలబద్దతోనే చూడాలి: ఆ అన్ని తాళ్ళనూ మన చేతికి ఇస్తుందా, లేదా?

ఎనభై ఎలా అవుతాయి

సీబీపీ (రక్తకణాల లెక్క) అంటే ఒక్క గొట్టం రక్తం, ఒక్క మిషన్, ఒక్కసారి తిప్పడం. అది 20కి పైగా అంకెలు ఇస్తుంది, ప్రతి అంకెనూ ఒక టెస్టుగా లెక్కేస్తారు. లివర్ ప్రొఫైల్ అంటే మరో పది, పన్నెండు. లిపిడ్ ప్రొఫైల్లో నిజంగా కొలిచేవి మూడు నాలుగు: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్, కొన్నిచోట్ల నేరుగా ఎల్‌డీఎల్. మిగతా వీఎల్‌డీఎల్, నిష్పత్తులు అన్నీ కూడికలూ భాగహారాలే. హెచ్‌బీఏ1సీ పక్కన ‘సగటు షుగర్’ అని ఇంకో టెస్టు చూపిస్తారు. అదీ లెక్కే: హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేస్తే వస్తుంది. 7 ఉంటే 154, 8 ఉంటే 183, 9 ఉంటే 212. ఈ అంకె తెలిసి ఉండటం మంచిదే, దానికి విడిగా డబ్బివ్వడం మాత్రం అనవసరం.

పెద్ద ప్యాకేజీలో గుండె పేరు చెప్పి చేర్చేవి ఎక్కువగా హోమోసిస్టీన్, హెచ్ఎస్–సీఆర్‌పీ, పరగడుపు ఇన్సులిన్. హోమోసిస్టీన్‌ను విటమిన్ బిళ్ళలతో తగ్గించవచ్చు, కానీ అలా తగ్గించినందువల్ల గుండెపోట్లు తగ్గలేదని పెద్ద పరీక్షల్లోనే తేలింది. ఒంట్లో వాపుకు గుర్తయిన సీఆర్‌పీ పన్ను చీము పట్టినా, జలుబు చేసినా పెరుగుతుంది. షుగర్ అని ఖాయమైపోయిన మనిషికి పరగడుపు ఇన్సులిన్ చూసి మార్చే మందు సాధారణంగా ఉండదు. మూడూ తీసేసినా నష్టం లేదు.

ఒకటి మాత్రం ప్రమాదకరం. కొన్ని గుండె ప్యాకేజీల్లో ట్రోపోనిన్ కూడా కలుపుతున్నారు. అది గుండెపోటు వచ్చిందా అని ఆ గంటల్లో చూసే పరీక్ష. ఏ నొప్పీ లేని మనిషికి సోమవారం పొద్దున చేస్తే దాంట్లో చెప్పేదేమీ ఉండదు. రాత్రి గుండెల్లో బరువుగా ఉంటే ‘పొద్దున ల్యాబు మనిషి వస్తాడు కదా, అప్పుడు చూద్దాం’ అనుకునే అవకాశం మాత్రం ఇస్తుంది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన వాళ్ళలో గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. చెమటలు, ఆయాసం, పైపొట్టలో మంట, దవడ లాగడం, ఉన్నట్టుండి నీరసం. వీటిలో ఏది మొదలైనా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి, 108కి ఫోన్ చేసి ఈసీజీ తీసే చోటికి చేరండి. పేరుకుపోయిన రక్తపు గడ్డను కరిగించాలన్నా, నాళాన్ని తెరవాలన్నా మొదటి గంటలే కీలకం.

రక్తం తీసే పది నిమిషాలు

ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే సేవ ఈ ప్యాకేజీల్లో నిజంగా మెచ్చుకోదగ్గ భాగం. ముసలివాళ్ళకు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అదొక వరం. కాకపోతే సగం తప్పులు పుట్టేదీ ఇక్కడే, అందుకని కుర్రాడు తలుపు కొట్టినప్పుడు నాలుగు విషయాలు గమనించండి.

గొట్టాల రంగు. బూడిదరంగు మూతది షుగర్ కోసం, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. ఊదారంగు మూతది హెచ్‌బీఏ1సీకి, సీబీపీకి. పసుపు మూతది కొలెస్ట్రాల్, క్రియాటినిన్ వగైరాలకు. బూడిదరంగు గొట్టం లేకుండా పసుపుదాంట్లోంచే షుగర్ చూస్తే, రక్తకణాలు అందులోని గ్లూకోజును తినేస్తూ ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఆరున్నరకు తీసిన శాంపిల్ ఇరవై ఇళ్ళు తిరిగి పదింటికి ల్యాబు చేరితే 140 ఉన్న షుగర్ 115గా కనిపించవచ్చు. మీ ఇంట్లో గ్లూకోమీటరుకూ ల్యాబు అంకెకూ పొంతన కుదరనప్పుడు ముందు దీన్నే అనుమానించాలి.

చేతికి కట్టే రబ్బరు పట్టీ నిమిషం దాటకూడదు. నరం దొరక్క పట్టీ బిగించి ఉంచి, పిడికిలి మూసి తెరిపించి, గుచ్చి లాగితే రక్తకణాలు చితుకుతాయి, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ బిళ్ళలు వాడేవాళ్ళకు ఆ తప్పుడు అంకె చూసి మంచి మందు ఆపేసే పరిస్థితి వస్తుంది. రిపోర్టు కింద ‘హీమోలైజ్డ్’ (రక్తకణాలు చితికాయి) అని రాసి ఉంటే పొటాషియం మళ్ళీ తీయించండి. డబ్బు అడగకుండా తీయాల్సిన బాధ్యత ల్యాబుదే.

పరగడుపు అంటే రాత్రి భోజనం తర్వాత 10–12 గంటలు. మంచినీళ్ళు తాగొచ్చు. కాఫీ, టీ వద్దు, చక్కెర వేయకపోయినా సరే. బీపీ బిళ్ళ వేళకు వేసుకోవచ్చు. షుగర్ బిళ్ళ, ఇన్సులిన్ మాత్రం రక్తం ఇచ్చి టిఫిన్ ముందు పెట్టుకున్నాకే, లేకపోతే షుగర్ పడిపోతుంది. ఏడింటికి వస్తానన్న మనిషి తొమ్మిదైనా రాకపోతే, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ళ, ఇన్సులిన్ వాడేవాళ్ళు, ఆ రోజుకు పరీక్ష మానేసి తినేయండి. కొలెస్ట్రాల్ కోసం అంతసేపు మాడక్కర్లేదు: కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు తిన్నాక తీసిన రక్తంతోనూ లిపిడ్ ప్రొఫైల్ చూడవచ్చన్నాయి. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువ వచ్చినప్పుడే పరగడుపున మళ్ళీ చూస్తే సరిపోతుంది.

తిన్నాక చూసే షుగర్‌కు రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి. చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి లెక్కేస్తే అంకె తక్కువ వస్తుంది. రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మందే వేసుకోవాలి. ఆ పూటకు నాలుగు ఇడ్లీలు రెండు చేసుకుంటే మోసపోయేది మనమే.

హెచ్‌బీఏ1సీ గురించి కొంచెం జాగ్రత్త

చిన్న ప్యాకేజీ విలువంతా దీంట్లో, లిపిడ్‌లో ఉంది. రిపోర్టులో కొలిచిన పద్ధతి హెచ్‌పీఎల్‌సీ (నమ్మదగ్గ కొలత పద్ధతి) అని ఉందా చూడండి. రక్తహీనత మన ఆడవాళ్ళలో ఎంత ఎక్కువో తెలిసిందే. ఇనుము తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, కిడ్నీ జబ్బుకు రక్తం పెంచే ఇంజెక్షన్లు తీసుకుంటున్నా అది నమ్మదగ్గది కాదు. పక్కనే సీబీపీలో హిమోగ్లోబిన్ 8 ఉండి, ఇంట్లో గ్లూకోమీటరు 130 దాటకుండా, హెచ్‌బీఏ1సీ మాత్రం 8.2 వస్తే షుగర్ మందు పెంచే ముందు ఐరన్ సంగతి తేల్చాలి. ఈ రెండు వరసలనూ కలిపి చూపే రిపోర్టు ఏ ప్యాకేజీలోనూ కనబడదు, డాక్టరుకు మనమే చూపించాలి.

ఎక్కువమందికి లక్ష్యం 7 లోపు. అందరికీ ఇంకా ఇంకా తగ్గించడం మంచిదన్న నమ్మకం తప్పు. 2008లో అకార్డ్ అధ్యయనంలో గుండె ముప్పు ఎక్కువగా ఉన్న పది వేలమందికి పైగా పాల్గొన్నారు. వాళ్ళలో సగం మందికి హెచ్‌బీఏ1సీని 6 లోపుకు దించాలని మందులు బాగా పెంచారు. ఆ గుంపులో చావులు ఎక్కువయ్యాయి, దాంతో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. డెబ్భై దాటి, గుండెజబ్బు ఉండి, షుగర్ తరచూ 70 కిందికి పడిపోయే పెద్దవాళ్ళకు 8 లోపు చాలు. రిపోర్టులో అది ఎర్రగా వస్తుంది. పిల్లలు వాట్సాప్‌లో ఆ పేజీ చూసి కంగారుపడి అమ్మకో నాన్నకో అన్నం తగ్గించేయకూడదు.

లిపిడ్ వరసలు ఎలా చదవాలి

మొదట చెప్పిన రిపోర్టునే తీసుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్స్ 240. ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబులు లెక్కగట్టి ఇస్తాయి: 190లోంచి 36 తీసి, 240లో అయిదో వంతు 48 కూడా తీస్తే 106. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ అడగాలి. షుగర్ ఉన్నవాళ్ళలో మరో చిక్కుంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ అంకె అసలు ముప్పును తగ్గించి చూపిస్తుంది. అందుకే నాన్–హెచ్‌డీఎల్ చూడాలి: 190 మైనస్ 36, అంటే 154. ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాల్సినవాళ్ళకు ఇది 100 లోపు, 55 లోపు ఉండాల్సినవాళ్ళకు 85 లోపు ఉండాలి. రిపోర్టులో ఈ వరస లేకపోతే పెన్నుతో మీరే రాసుకోండి, ఒక్క తీసివేతే కదా.

విడిగా డబ్బిచ్చి చేయించదగ్గ రక్తపరీక్ష ఒకటుంది: లైపోప్రొటీన్–ఏ. జీవితంలో ఒక్కసారి చాలు. 50 మి.గ్రా. దాటితే వంశపారంపర్యంగా ముప్పు ఎక్కువని అర్థం, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ళ) దీన్ని తగ్గించదు కాబట్టి మిగతావన్నీ మరింత గట్టిగా పట్టుకోవాలి. నలభై, నలభై ఐదేళ్ళకే గుండెపోట్లు వచ్చిన కుటుంబాల్లో దీన్ని తప్పకుండా చూడాలి. చిన్న ప్యాకేజీల్లో ఇది ఉండదు, కొన్ని పెద్దవాటిలో ఉంటుంది. పెద్ద ప్యాకేజీ వైపు మొగ్గడానికి మాకు కనిపించే ఒకే కారణం ఇది. థైరాయిడ్ కూడా ఒకసారి చూడటం మంచిదే: అది తక్కువ పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, స్టాటిన్‌తో ఒళ్ళునొప్పులూ ఎక్కువవుతాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ నాలుగైదేళ్ళుగా వాడుతుంటే బీ12 చూడాలి.

గుండె ప్యాకేజీలో లేని చిన్న డబ్బా

ఇక్కడ ఆగి చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే. యూరిన్ ఏసీఆర్, అంటే మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి. కిడ్నీ జల్లెడ చిల్లులు పెద్దవి కావడం మొదలైన తొలిరోజుల్లో అల్బుమిన్ కొంచెం కొంచెంగా కారుతుంది. ఒంట్లో రక్తనాళాల లోపలి పొర అంతటా చెడుతోందనడానికి అది గుర్తు, అందుకే ఈ అంకె కిడ్నీలతోపాటు గుండె జాతకమూ చెబుతుంది. క్రియాటినిన్ పెరిగేనాటికి ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి.

ప్యాకేజీలో సీయూఈ ఉంది కదా, ‘అల్బుమిన్: నిల్’ అని వచ్చింది కదా అంటారు. సీయూఈలో ముంచే పట్టీకి అల్బుమిన్ బాగా ఎక్కువైతేనే రంగు మారుతుంది. ఏసీఆర్ 30 దాటితే తేడా మొదలైనట్టు, 300 దాటితే పెద్ద తేడా. ఈ రెండింటి మధ్యలో ఉన్నంతకాలం సీయూఈ చాలాసార్లు ‘నిల్’ అనే చెబుతుంది. ఆ మధ్యకాలంలోనే మందులు బాగా పనిచేస్తాయి. కాబట్టి బుక్ చేసేటప్పుడు ‘యూరిన్ ఏసీఆర్ ఉందా? లేకపోతే కలపండి’ అని పేరు పెట్టి అడగండి. మైక్రోఅల్బుమిన్ అని కూడా అంటారు, కానీ విడి మైక్రోఅల్బుమిన్ కంటే క్రియాటినిన్‌తో నిష్పత్తి కట్టిందే నమ్మదగ్గది, నీళ్ళు ఎక్కువ తాగారా తక్కువ తాగారా అన్న తేడా దాంట్లో సర్దుకుపోతుంది.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, అదీ మధ్యధార పట్టాలి. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉన్న రోజుల్లో వద్దు. ముందురోజు గట్టిగా వ్యాయామం చేసినా, షుగర్ మరీ ఎక్కువగా ఉన్నా అంకె పెరుగుతుంది. ఒక్కసారి 45 వచ్చిందని ముద్ర వేయకూడదు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, కనీసం రెండుసార్లు 30 దాటితేనే ఖాయం. ఖాయమైతే, బీపీ కూడా ఉంటే టెల్మిసార్టన్ లేదా రామిప్రిల్ వర్గం మందు డాక్టరు మొదలుపెడతారు. ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడాలి.

బీపీ: ప్యాకేజీ బయట మిగిలిపోయింది

ఇంటికొచ్చిన కుర్రాడి సంచిలో బీపీ మిషన్ ఉంటే గొప్ప. ఉన్నా, సూది చూసి బెదిరిన మనిషికి అప్పుడే చూస్తే ఆ అంకె లెక్కలోకి రాదు. పక్షవాతం, గుండె, కిడ్నీ మూడింటికీ బీపీతో సంబంధం ఉంది, కాబట్టి ఇది ఇంట్లోనే జరగాలి.

మణికట్టు మిషన్ వద్దు, మోచేతి పైన కట్టేది కొనండి. కొనేముందు టేపుతో మోచేతికీ భుజానికీ మధ్య చుట్టుకొలత తీయండి. మామూలు పట్టీ చాలావాటిలో 22–32 సెం.మీ. చేతులకు. లావు చేతికి అది కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది, 32 దాటితే పెద్ద పట్టీ విడిగా తీసుకోవాలి. అయిదు నిమిషాలు కుర్చీకి ఆనుకుని కూర్చోండి, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వద్దు, చెయ్యి బల్లమీద గుండె ఎత్తున ఉంచండి. పట్టీ బట్ట మీద కాకుండా చర్మం మీదే కట్టాలి. ముందే మూత్రానికి వెళ్ళొచ్చేయండి, కాఫీ తాగి అరగంట దాటాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మందుకు ముందు, సాయంత్రం భోజనానికి ముందు, ఏడు రోజులు. మొదటిరోజు అంకెలు కొట్టేసి మిగతావాటికి సగటు తీయండి. ఇంట్లో 135/85 దాటితే బీపీ ఉన్నట్టే, షుగర్ ఉన్నవాళ్ళు అందుకోవాల్సింది 130/80 లోపు.

పడుకుని లేచినప్పుడు కళ్ళు తిరిగితే, నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే షుగర్ నరాలను తగులుకుందేమోనని అనుమానించాలి. బీపీ మందు తనంతట తాను పెంచుకునేవాళ్ళు పడిపోయి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే.

ఆసుపత్రి ప్యాకేజీ

ఈసీజీ ఒకటి తీయించి ఫైల్లో పెట్టుకోవడం మంచిపని. ఏదైనా జరిగిన రోజు పాతదాంతో పోల్చుకోవచ్చు. ఈసీజీ నార్మల్ అంటే నాళాల్లో పూడికలు లేవని మాత్రం కాదు. టూడీ ఎకో గుండె ఎంత బలంగా పంపు చేస్తుందో, కవాటాలు ఎలా ఉన్నాయో చెబుతుంది, నాళాల్లో పూడిక దానికి కనిపించదు. ‘ఎకో చేయించాం, బ్లాకులు లేవన్నారు’ అనే మాట ఎన్ని ఇళ్ళల్లో వినిపిస్తుందో! ఆయాసం, కాళ్ళవాపు ఉన్నవాళ్ళకు ఎకో తప్పనిసరి. ఏమీ లేనివాళ్ళకు ముందు గుండె వైఫల్యపు ఆనవాలు పట్టే ఎన్‌టీ–ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేసి, అది 125 దాటితే ఎకోకు వెళ్ళడం తెలివైన దారి.

ఏ బాధా లేని షుగర్ మనిషికి టీఎంటీ కలపడం మాకు నచ్చలేదు. 2009లో వచ్చిన డయాడ్ అధ్యయనంలో లక్షణాలు లేని 1,123 మందిలో సగం మందికి టీఎంటీ కంటే మెరుగైన గుండె స్కాన్ చేసి చూశారు. అయిదేళ్ళలో స్కాన్ చేసినవాళ్ళకూ చేయనివాళ్ళకూ గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందులు సరిగ్గా వాడితే ఇద్దరికీ మేలే. టీఎంటీ తేడాగా వచ్చి, అక్కడినుంచి యాంజియోగ్రామ్, అనవసరమైన భయం, ఖర్చు అంటూ సాగే దారి ఒకటుంది. నడిస్తే గుండెలు పట్టేయడం, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం రావడం మొదలైతే సంగతి వేరు, అప్పుడు ప్యాకేజీలు వెతక్కుండా నేరుగా గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఫోన్ చేసే డాక్టరు, పంపే డైట్ చార్టు

ప్యాకేజీతో ‘ఉచిత కన్సల్టేషన్’ అని వచ్చే ఫోను ఎక్కువసార్లు కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, ఎర్రగా ఉన్న వరసలే చదువుతారు. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకోండి. నా ఎల్‌డీఎల్ లక్ష్యం ఎంత? స్టాటిన్ ఏ మోతాదు కావాలి? ఏసీఆర్ తేడాగా ఉంటే మందు మారాలా?

నలభై దాటిన షుగర్ మనిషికి కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా సాధారణంగా స్టాటిన్ సూచిస్తారు: అటోర్వాస్టాటిన్ 10–20 గానీ రోసువాస్టాటిన్ 5–10 గానీ. ముప్పు ఎక్కువుంటే అటోర్వా 40–80, రోసువా 20–40. ఎల్‌డీఎల్ సుమారు 39 మి.గ్రా. తగ్గితే పెద్ద గుండె, పక్షవాత ఘటనలు అయిదో వంతు తగ్గుతాయి. స్టాటిన్ వల్ల షుగర్ కొద్దిగా పెరిగే మాట నిజమే, ఆ కొద్దిపాటికి భయపడి మానేస్తే పోయేది ఎక్కువ. మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో లిపిడ్ మళ్ళీ చూడాలి. ‘కొలెస్ట్రాల్ తగ్గింది కదా’ అని బిళ్ళ ఆపేయకండి, తగ్గింది బిళ్ళ వల్లే. ఆస్పిరిన్ మాత్రం గుండెపోటు రానివాళ్ళు సొంతంగా మొదలుపెట్టకూడదు, రక్తస్రావం ముప్పు ఉంది.

గుండెజబ్బు, గుండె వైఫల్యం, ఏసీఆర్ తేడా ఉన్నవాళ్ళకు ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వర్గం షుగర్ మందుల గురించి తప్పక అడగాలి. 2015లో వచ్చిన ఫలితాల్లో, గుండెజబ్బు ఉన్న షుగర్ రోగుల్లో ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె సంబంధ మరణాలను 38 శాతం తగ్గించింది. 2025 మార్చిలో పేటెంటు తీరాక మన దగ్గర దాని ధర బాగా పడిపోయింది, ఖరీదని వదిలేసినవాళ్ళు మళ్ళీ అడగండి. వీటితో మర్మాంగాల దగ్గర ఫంగస్ దురద రావచ్చు, శుభ్రత ముఖ్యం. వాంతులు, విరేచనాలు, ఉపవాసం ఉన్న రోజుల్లోనూ ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందునుంచీ ఆపాలి, అది డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

డైట్ చార్టు దాదాపు అన్ని ప్యాకేజీల్లోనూ నిరాశపరిచేదే. ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ నూనె అని ఉంటుంది. ఇంట్లో ఉండేది అన్నం, పప్పు, ఇగురు, పచ్చడి, పెరుగు. మన కంచంలో బీపీని పెంచేది ఆవకాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు, మజ్జిగలో వేసే ఉప్పు. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు, ఒక చిన్న టీస్పూను. పచ్చడి రోజువారీ కూరగా మారిన ఇంట్లో అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. ‘లో సోడియం’ ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ తేడా ఉన్నవాళ్ళు, టెల్మిసార్టన్ వర్గం వాడేవాళ్ళు అడగకుండా అది కొనొద్దు. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా కొలిచి పోసుకోండి, కాచిన నూనె మళ్ళీ కాచొద్దు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఆ టేపు కొలత ఏ ప్యాకేజీలోనూ లేదు.

ఎక్కడ, ఎప్పుడు

ఏ ల్యాబైనా రిపోర్టు మీద ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తు చూడండి, గుర్తింపు ప్రతి టెస్టుకూ విడిగా ఉంటుంది, లేనివాటి పక్కన నక్షత్రం (*) గుర్తు పెడతారు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయిస్తే అంకెలు పోల్చుకోవచ్చు. డబ్బుకు ఇబ్బందైతే తెలంగాణలో బస్తీ దవాఖానాలోనో పీహెచ్‌సీలోనో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌లో లిపిడ్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ ఉచితంగా చేస్తారు. స్టాటిన్, బీపీ బిళ్ళలు జన ఔషధి దుకాణాల్లో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

ఆర్నెల్లు తిరగకుండానే ప్యాకేజీ ‘రెన్యువల్’ మెసేజ్ వస్తుంది, సగానికి సగం తగ్గింపు అంటూ. అప్పుడు అంతా మళ్ళీ చేయించనక్కర్లేదు. షుగర్ అదుపులో ఉంటే ఆరు నెలలకు, లేకపోతే మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ ఒక్కటే. లిపిడ్, క్రియాటినిన్, ఏసీఆర్ ఏడాదికోసారి, మందు మార్చినప్పుడు ముందుగా. కంటి రెటీనా, పాదాల పరీక్ష ఏటా. మెసేజ్‌లోని నంబరుకు ఫోన్ చేసి ‘విడి టెస్టులు బుక్ చేయండి’ అంటే చేస్తారు. ప్యాకేజీనే తీసుకొమ్మని ఒత్తిడి పెట్టే ల్యాబయితే వేరే ల్యాబు చూసుకోవడమే.